ఐసీసీపీ లింకు సమీక్ష: గుర్తు పచ్చగా ఉన్నా డేటా పాతదై ఉండొచ్చు

ఒకదానితో ఒకటి కలిసి నడిచే గ్రిడ్లలో పక్క కంట్రోల్ సెంటర్ పరిధిలో ఏం జరుగుతోందో మన తెర మీద కనబడాలంటే ఈరోజుకీ ఎక్కువ చోట్ల ఆధారం ఐసీసీపీ లింకే, అంటే కంట్రోల్ సెంటర్లు ఒకదానితో ఒకటి డేటా మార్చుకునే ప్రోటోకాల్ మీద నడిచే లింకు. ప్రమాణంగా దీని పేరు టేస్.2. ఐఈసీ 60870-6 వరుసలో 503వ భాగం సేవల గురించీ, 802వ భాగం డేటా నమూనాల గురించీ చెబుతాయి. ఏ కంపెనీ ఈఎంఎస్ (గ్రిడ్‌ను పర్యవేక్షించి నడిపే సాఫ్ట్‌వేర్) కొన్నా సెంటర్ల మధ్య మాట్లాడే భాష ఇదే కాబట్టి ఇక్కడ ఏ ఒక్క ప్యాకేజీనీ తూకం వేయడం లేదు. ప్రమాణం ఏం ఇస్తుంది, అమర్చేటప్పుడు ఎక్కడ తేడా వస్తుంది, అది చేయలేని పనికి పక్కన ఇంకేం కావాలి అన్నదే చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తే: మెగావాట్లు, వోల్టేజీలు, బ్రేకర్ స్థితులు ఒక సెంటర్ నుంచి మరో సెంటర్‌కి చేర్చే పనికి ఐదుకి నాలుగు. వచ్చిన అంకె ఎంత నమ్మదగినదో చెప్పే పనికి ఐదుకి రెండున్నర, అదీ రెండు వైపులా శ్రద్ధగా అమర్చుకుంటేనే. లైన్ల పరిమితులు, నెట్‌వర్క్ మోడల్, ఫేజ్ కోణాల కదలిక అనే మూడూ దీని పనులు కావు. వాటికి వేరే ఏర్పాటు లేకుండా ఐసీసీపీ ఒక్కటే పెట్టుకుని పక్క గ్రిడ్ మొత్తం కనబడుతోందని అనుకోవడం ప్రమాదం.

ముందు మంచి సంగతులు. ఇది కింద ఎంఎంఎస్ అనే సందేశాల ప్రోటోకాల్ మీద, దాని కింద టీసీపీ అనే నెట్‌వర్క్ పొర మీద నడుస్తుంది. సేవలను బ్లాకులుగా విడదీశారు. ఒకటో బ్లాకు నిర్ణీత వ్యవధికోసారి విలువలు పంపడం, రెండోది మార్పు వచ్చినప్పుడే పంపడం, నాలుగోది సందేశాలు, ఐదోది అవతలి పరికరాన్ని ఆపరేట్ చేయడం. ఆచరణలో పని అంతా ఒకటి, రెండు బ్లాకులతోనే జరుగుతుంది. కొనేటప్పుడు ఆ రెండూ పక్కాగా ఉన్నాయా అని చూడండి. మిగతా బ్లాకుల కోసం ఎక్కువ డబ్బు అడిగితే, అవి ఎవరు వాడతారో పేరు పెట్టి చెప్పగలిగితేనే ఇవ్వండి.

నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది బైలేటరల్ టేబుల్. ఏ సెంటర్‌కి ఏ పాయింట్లు (ఒక్కో కొలత గానీ స్థితి గానీ ఒక పాయింటు) చూపించాలో, వాటిలో ఏవి చదవడానికి, ఏవి రాయడానికి అన్నది ఇద్దరి మధ్య ఒప్పందంగా సర్వర్‌లోనే ఉంటుంది. మూడో సెంటర్‌కి వేరే టేబుల్. వాణిజ్యపరంగా గుట్టుగా ఉంచాల్సిన జనరేటర్ డేటాను ఒకరికి ఇస్తూ మరొకరికి ఇవ్వకుండా ఉండటం దీనివల్ల సులువు. చిక్కల్లా మార్పుల దగ్గరే. ఒక కొత్త సబ్‌స్టేషన్ వచ్చి నలభై పాయింట్లు చేర్చాలంటే రెండు వైపులా ఒకే సమయంలో టేబుల్ మార్చి, వెర్షన్ గుర్తు కలపాలి. కలవకపోతే కొన్ని ఉత్పత్తులు హెచ్చరికతో సరిపెడతాయి, కొన్ని లింకునే నిలిపేస్తాయి. మీరు కొనేది ఈ రెండింట్లో ఏ రకమో ముందే తెలుసుకోవాలి. లింకు ఆపకుండా పాయింట్లు చేర్చగలిగే ఉత్పత్తి అయితే ఇంకో అర మార్కు ఎక్కువ వేయొచ్చు.

అమర్చే రోజున మొదట తగిలే దెబ్బ అసోసియేషన్ (రెండు వైపుల సాఫ్ట్‌వేర్ల మధ్య కుదరాల్సిన సంబంధం) కలవకపోవడం. ఫైర్‌వాల్‌లో 102వ పోర్టు తెరుస్తారు, టీసీపీ కనెక్షన్ వస్తుంది, వెంటనే తెగిపోతుంది. నెట్‌వర్క్ వాళ్లు మా వైపు అంతా బాగుందంటారు, వాళ్లు చెప్పేది నిజమే. తేడా పై పొరల్లో ఉంటుంది. ట్రాన్స్‌పోర్ట్ సెలెక్టర్, సెషన్ సెలెక్టర్, ప్రెజెంటేషన్ సెలెక్టర్, ఏపీ టైటిల్, ఏఈ క్వాలిఫయర్ (ఏ పొరలో ఎవరితో మాట్లాడాలో చెప్పే గుర్తింపులు) అన్నీ రెండు వైపులా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక ఉత్పత్తి సెలెక్టర్‌ను హెక్స్‌లో నాలుగు బైట్లుగా రాయమంటుంది, మరొకటి మామూలు అంకెగా 1 అని తీసుకుంటుంది. చూడటానికి ఒకటే, వైరు మీద వెళ్లే బైట్లు వేరు. ప్యాకెట్ క్యాప్చర్ పెట్టి ఎక్కడ తెగిందో చూస్తే కారణం అక్కడే దొరుకుతుంది: ట్రాన్స్‌పోర్ట్ దశలోనే డిస్కనెక్ట్ వస్తే మొదటి సెలెక్టర్, సెషన్ దశలో తిరస్కారం వస్తే రెండోది, అక్కడిదాకా వెళ్లి అసోసియేషన్‌ను నిరాకరిస్తే ఏపీ టైటిల్ గానీ ఏఈ క్వాలిఫయర్ గానీ. అంతా కలిసి, తర్వాత డేటా మాత్రం రాకపోతే బైలేటరల్ టేబుల్ వెర్షన్ చూడండి. ఎవరు క్లయింట్, ఎవరు సర్వర్, ఎవరు ముందు పిలుస్తారు అన్నది కాగితం మీద రాసుకోకపోతే రెండు వైపులా అవతలివాళ్లు పిలుస్తారని ఎదురుచూస్తూ కూర్చునే సందర్భాలూ ఉంటాయి.

పాయింట్ పేర్లకు గరిష్ఠంగా 32 అక్షరాలు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, డాలర్ గుర్తు తప్ప మరేమీ కుదరవు. అంకెతో మొదలవకూడదు. సబ్‌స్టేషన్ పేర్లలో మనం మామూలుగా వాడే హైఫన్, ఖాళీ చోటు రెండూ ఇక్కడ పనికిరావు. డేటా సెట్ (కలిపి తెప్పించుకునే పాయింట్ల జాబితా) పరిమాణం దగ్గర ఇంకో లెక్క ఉంది. అసోసియేషన్ సమయంలో ఎంఎంఎస్ సందేశం గరిష్ఠ పరిమాణం ఇరువైపులా ఒప్పుకుంటాయి. అది 32,000 బైట్లు అనుకుందాం. పాయింట్ పేరుకి 32, డొమైన్ పేరుకి 32 అక్షరాలు వాడుకుంటే ఒక్కో పాయింటుకి 64 బైట్లు, 500 పాయింట్లకు పేర్లతోనే 32,000 నిండిపోతాయి. ఎన్‌కోడింగ్ బైట్లు ఇంకా అదనం. అందుకే పెద్ద డేటా సెట్ సృష్టించే అభ్యర్థనే విఫలమవుతుంది, లాగ్‌లో మాత్రం అర్థం కాని ఎర్రర్ కనబడుతుంది. రెండు మూడు వందల పాయింట్లకు ఒక సెట్ చొప్పున విడదీయడం మేలు. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. జాబితాలో ఒక్క పేరు తప్పుంటే కొన్ని సర్వర్లు సెట్ మొత్తాన్ని తిరస్కరిస్తాయి. సెట్ చిన్నదైతే నష్టమూ చిన్నదే.

ఇక అసలు విషయం. లింకు తెగిపోతే అందరికీ తెలుస్తుంది, అలారం మోగుతుంది. తెగకుండా డేటా ఆగిపోతేనే ముప్పు. ఇది మూడు చోట్ల జరుగుతుంది.

మొదటిది ఫైర్‌వాల్. మార్పు వస్తేనే పంపే పద్ధతిలో, రాత్రివేళ బ్రేకర్లేవీ కదలకపోతే ఆ కనెక్షన్ మీద చాలాసేపు ఏ ప్యాకెట్టూ ఉండదు. ఫైర్‌వాల్ తన ఖాళీ సమయ పరిమితి దాటగానే ఆ సెషన్‌ను పట్టికలోంచి తీసేస్తుంది, రెండు చివర్లలో ఎవరికీ చెప్పదు. చాలా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో టీసీపీ కీప్‌అలైవ్ మొదటి పరీక్ష వెళ్లేది 7,200 సెకన్ల తర్వాతే, అంటే రెండు గంటలు. అంతసేపూ తెర మీద లింకు పచ్చగానే ఉంటుంది. దీనికి మందు ఇంటిగ్రిటీ వ్యవధి. మార్పు ఉన్నా లేకపోయినా సెట్‌లోని అన్ని విలువలనూ ఇంత సమయానికోసారి పంపాలని ట్రాన్స్‌ఫర్ సెట్‌లో (డేటా సెట్‌ను ఎప్పుడెప్పుడు పంపాలో చెప్పే అమరికలో) పెట్టొచ్చు. ఆ వ్యవధి ఫైర్‌వాల్ పరిమితికి సగమైనా దాటకుండా చూసుకోండి, కీప్‌అలైవ్‌ను కూడా నిమిషంలోపుకు తగ్గించండి. ఇంటిగ్రిటీ సున్నాగా వదిలేసిన ట్రాన్స్‌ఫర్ సెట్ కనబడితే వెంటనే సరిచేయాల్సిందే. ఎందుకంటే ఒక్క మార్పు దారిలో పోతే ఆ పాయింటు మళ్లీ మారేదాకా తప్పుగానే ఉంటుంది.

రెండోది, అవతలి సెంటర్ లోపల. వాళ్ల ఐసీసీపీ సర్వర్ బాగానే ఉంటుంది, దానికి ఈఎంఎస్ నుంచి డేటా ఇచ్చే లోపలి దారి ఆగిపోతుంది. సర్వర్ తన దగ్గరున్న చివరి విలువలనే క్రమం తప్పకుండా పంపుతూ ఉంటుంది. ఇంటిగ్రిటీ నివేదికలు కూడా వస్తాయి, అన్నీ పాతవే. దీన్ని పట్టుకోవడానికి ఒక కౌంటర్ పాయింట్ అడగండి. పది సెకన్లకోసారి ఒకటి పెరిగే అంకె చాలు. అది ఐసీసీపీ సర్వర్‌లో కాకుండా వాళ్ల స్కాడా (సబ్‌స్టేషన్ల నుంచి డేటా సేకరించే వ్యవస్థ) డేటాబేస్‌లో పుట్టి, మామూలు కొలతలు వచ్చే దారిలోనే రావాలి. ఈ షరతు పెట్టకపోతే సర్వర్‌లోనే కౌంటర్ పెట్టేస్తారు, అప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మన వైపు ముప్పై సెకన్లపాటు ఆ అంకె కదలకపోతే అలారం రావాలి, ఆ లింకు ద్వారా వచ్చే పాయింట్లన్నీ అనుమానాస్పదంగా రంగు మారాలి.

మూడోది సబ్‌స్టేషన్ దగ్గర. ఆర్‌టీయూ (సబ్‌స్టేషన్ నుంచి కొలతలు పంపే పరికరం) మూగబోతుంది, అవతలి ఈఎంఎస్ చివరి విలువను పట్టుకుని ఉంటుంది. ఇక్కడ ప్రమాణం మంచి వీలు ఇచ్చింది. ప్రతి విలువతోపాటు క్వాలిటీ బిట్లు వస్తాయి: సరైనది, పట్టి ఉంచినది, అనుమానించదగినది, చెల్లనిది అని నాలుగు. ఆ అంకె ఎక్కడిదన్నది ఇంకో నాలుగు: కొలిచినది, లెక్కించినది, మనిషి చేత్తో రాసినది, ఎస్టిమేటర్ (కొలతల నుంచి గ్రిడ్ స్థితిని లెక్కగట్టే ప్రోగ్రామ్) అంచనా. ఇంత చక్కగా ఉన్నా వాస్తవంలో చాలా లింకుల్లో ఈ బిట్లు దారిలోనే పోతాయి. పంపేవాళ్ల ఈఎంఎస్‌లో ఇరవై రకాల క్వాలిటీ గుర్తులు ఉండొచ్చు. వాటిని ఈ నాలుగింటిలోకి మార్చే పట్టికను ఎవరూ పూర్తిగా నింపరు, నింపనివన్నీ సరైనవిగానే వెళ్లిపోతాయి. అందుకునే వైపూ అంతే. పట్టి ఉంచినది అన్న గుర్తు వచ్చినా తెర మీద మామూలు తెల్ల అంకెగా చూపిస్తారు. మార్కులు తగ్గించింది ఇందుకే. పరీక్ష మాత్రం తేలిక: అవతలి ఇంజినీరును ఒక పాయింటును స్కాన్ నుంచి తీసేయమనండి, చేత్తో ఒక విలువ రాయమనండి, మన తెరలో ఆ రెండూ వేర్వేరుగా కనబడుతున్నాయో లేదో చూడండి. మధ్యలో మూడో సెంటర్ ఉండి డేటాను తిరిగి పంపుతుంటే ఈ పరీక్ష మొదటి చివర నుంచి ఆఖరి చివరదాకా చేయాలి, ఒక్కో అంచెకీ విడిగా చేస్తే సరిపోదు.

బఫర్ టైమ్ అనే అమరిక గురించి కూడా చెప్పాలి. మార్పు వచ్చాక ఇన్ని సెకన్లు ఆగి, ఆ లోపు వచ్చినవన్నీ కలిపి పంపమని దీని అర్థం. అన్ని మార్పులూ పంపాలన్న ఎంపిక పెట్టకపోతే, ఆ వ్యవధిలో చివరి స్థితి మాత్రమే వస్తుంది. లైన్ ట్రిప్ అయి (దానంతట తెగి) సెకనులోపు ఆటో రీక్లోజ్ అయితే (తనంతట మళ్లీ మూసుకుంటే), బఫర్ రెండు సెకన్లుంటే, మనకు కనబడేది మూసి ఉన్న బ్రేకరే. అసలు ఏమీ జరగనట్టే. స్థితి పాయింట్లకు బఫర్ సున్నా గానీ ఒకటి గానీ ఉండాలి, అన్ని మార్పుల ఎంపిక తప్పనిసరి. అయితే ఏది ముందు ట్రిప్ అయిందో తేల్చడానికి ఐసీసీపీ టైమ్ స్టాంపుల మీద ఆధారపడొద్దు. మామూలు టైమ్ ట్యాగ్ రకంలో సమయం సెకన్లలోనే ఉంటుంది. మిల్లీసెకన్లు కావాలంటే ఎక్స్‌టెండెడ్ రకం అడగాలి. అదీ సబ్‌స్టేషన్‌లో పడ్డ సమయమా, అవతలి సెంటర్‌కి చేరిన సమయమా అన్నది తేల్చుకోవాలి.

టై లైన్ (రెండు గ్రిడ్లను కలిపే లైను) కొలతలకు మాత్రం మార్పు ఆధారిత పద్ధతి వాడొద్దు. వాటిని నిర్ణీత వ్యవధితో, ఏజీసీ (జనరేటర్ల ఉత్పత్తిని తనంతట సరిచేసే నియంత్రణ) చక్రానికి తగ్గట్టు రెండు నుంచి నాలుగు సెకన్లకోసారి తెప్పించుకోవాలి. డెడ్‌బ్యాండ్ (ఇంతకు మించి మారితేనే పంపాలనే హద్దు) లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. ఒక్కో లైనుకి 5 మెగావాట్ల డెడ్‌బ్యాండ్ ఉండి, ఇరవై లైన్లు ఉంటే, అన్నీ ఒకే దిశలో తప్పితే మొత్తం మీద 100 మెగావాట్ల తేడా. ఏజీసీకి వాడే ఏరియా కంట్రోల్ ఎర్రర్‌లో (విద్యుత్ మార్పిడి, ఫ్రీక్వెన్సీ ఉండాల్సినదానికి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే అంకెలో) అది నేరుగా కలిసిపోతుంది. ఇంకా పెద్ద తప్పు గుర్తుది. బయటికి వెళ్లేది ప్లస్ అని ఒకరు, లోపలికి వచ్చేది ప్లస్ అని ఇంకొకరు అనుకుంటే, 300 మెగావాట్ల ప్రవాహం మైనస్ 300గా పడి 600 మెగావాట్ల తప్పు అవుతుంది. తక్కువ లోడు ఉన్న లైను మీద ఇది నెలల తరబడి బయటపడకపోవచ్చు. రెండు చివర్ల కొలతలు కలిపి చూస్తే మిగిలేది లైన్ నష్టం మాత్రమే ఉండాలి. ఈ తనిఖీని తెర మీద శాశ్వతంగా పెట్టండి. ఏజీసీకి ఇరువైపులవాళ్లూ ఒకే మీటరు విలువ వాడాలన్నది మరిచిపోకూడదు. వేర్వేరు మీటర్లు వాడితే ఒకరి తప్పును ఇంకొకరి తప్పు రద్దు చేయదు, ఆ తేడా ఫ్రీక్వెన్సీ మీదా అనుకోని విద్యుత్ మార్పిడి మీదా పడుతుంది. విలువ ఆగిపోయిందని తేలగానే ఏజీసీ తనంతట తానే రెండో మీటరుకు మారాలి. అదీ లేకపోతే ఆగిపోవాలి. కదలని అంకెను వెంటాడుతూ జనరేటర్లను పెంచడం, తగ్గించడం మాత్రం జరగకూడదు.

బ్రేకర్ స్థితి రెండు బిట్లలో వస్తుంది: 0 మధ్యలో, 1 తెరిచి, 2 మూసి, 3 చెల్లదు. ఎక్కడో ఒక చోట బిట్లు తారుమారైతే తెరిచినది మూసినట్టు కనబడుతుంది. ప్రారంభ పరీక్షలో నాలుగు స్థితులూ ప్రతి పాయింటుకీ పంపించి చూడాలి. వెయ్యి పాయింట్లుంటే విసుగు పుట్టే పనే, కానీ ఇక్కడ నమూనాకు పదిటిని చూసి వదిలేయడం తగదు. ఒక్క లైను స్థితి అందకపోతే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న కనబడింది. ఆ రోజు మిసో అనే ప్రాంతీయ సంస్థ స్టేట్ ఎస్టిమేటర్ సరిగా కుదరలేదు. కారణం బ్లూమింగ్టన్–డెనోయిస్ క్రీక్ 230 కేవీ లైను సర్వీసులో లేదన్న సంగతి ఎస్టిమేటర్‌కు తనంతట చేరే ఏర్పాటు లేకపోవడం. దాన్ని సరిదిద్దాక, ఎస్టిమేటర్‌ను దానంతట నడిపే స్విచ్‌ను మళ్లీ వేయడం మరిచిపోయారు. ఈలోపు స్టువర్ట్–అట్లాంటా 345 కేవీ లైను ట్రిప్ అయింది. అది వాళ్ల పరిధి బయటిది, దాని స్థితీ ఎస్టిమేటర్‌కు అనుసంధానం కాలేదు. మళ్లీ లెక్క కుదరలేదు. ఆ మధ్యాహ్నం అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. బ్లాకవుట్‌కు చెట్లు తగిలిన లైన్లు, ఆగిపోయిన అలారం సాఫ్ట్‌వేర్ లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. కానీ రెండు లైన్ల స్థితి తెలియక విలువైన గంటలు పోయాయన్నది డేటా పంచుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. కాబట్టి పాయింట్ల జాబితా సరిహద్దు దగ్గర ఆగకూడదు. పక్క గ్రిడ్‌లో ఏ లైను పోతే మన లైన్ల మీద చెప్పుకోదగ్గ ప్రవాహం పెరుగుతుందో సెన్సిటివిటీ అధ్యయనం చేసి, ఆ లైన్లన్నిటి స్థితీ, కొలతలూ అడగాలి.

ఐసీసీపీకి చేతకానిదాంట్లో మొదటిది లైన్ల పరిమితులు. విలువగా పంపొచ్చు, సాంకేతికంగా అడ్డేమీ లేదు, కానీ చాలా చోట్ల పంపరు. 2006 నవంబరు 4 రాత్రి జర్మనీలో ఎమ్స్ నది మీద ఓడ వెళ్లడానికి 380 కేవీ జంట లైనును ఆపారు. అనుకున్న సమయం కంటే ముందే ఆపారు, పక్క సంస్థలకు ఆ మార్పు ఆలస్యంగా తెలిసింది. ఆ భారం పడిన లాండెస్‌బెర్గెన్–వెరెన్‌డార్ఫ్ లైను రెండు చివర్లూ రెండు సంస్థలవి, రెండు చోట్లా రక్షణ అమరికలు వేర్వేరు. తక్కువ పరిమితి ఉన్నది అవతలి చివర. నిర్ణయం తీసుకున్న వైపు ఆ అంకె తెలియదు. లైను ట్రిప్ అయ్యాక ఖండం మొత్తం గ్రిడ్ మూడు ముక్కలైంది, కోటిన్నరకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. ఆ రాత్రి కొలతలు వస్తూనే ఉన్నాయి. ఆ కొలతలను పోల్చి చూడాల్సిన అంకె ఇవతలివాళ్ల దగ్గర లేదు. ప్రతి టై లైనుకీ రెండు చివర్ల పరిమితులనూ, రిలే ట్రిప్ అమరికలనూ, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తులనూ ఒకే పట్టికలో రాసి, వాటిలో కనిష్ఠాన్నే రెండు తెరల మీదా అలారం హద్దుగా పెట్టుకోవాలి. సీజను మారినప్పుడల్లా ఆ పట్టిక ఇద్దరూ మళ్లీ సంతకం చేయాలి.

రెండోది మోడల్. పక్కవాళ్ల బ్రేకర్ తెరుచుకుందని తెలిస్తే సరిపోదు, అది ఏ బస్‌ను (సబ్‌స్టేషన్‌లో లైన్లు కలిసే చోటును) దేనితో కలుపుతుందో మన ఎస్టిమేటర్‌కు తెలియాలి. దీనికి సీఐఎం అనే ఉమ్మడి నమూనా మీద ఆధారపడిన సీజీఎంఈఎస్ (గ్రిడ్ మోడళ్లు మార్చుకునే ఫార్మాట్) ఫైళ్లు వాడతారు. పరికరాలు ఒక ఫైలులో, ఆ గంటకు స్విచ్‌లూ లోడ్లూ ఇంకో ఫైలులో, టోపాలజీ, లెక్కించిన ఫలితాలు వేరే ఫైళ్లలో ఉంటాయి. ఈ విభజన బాగుంది, ఎందుకంటే పరికరాల ఫైలు అరుదుగా మారుతుంది, మిగతావి గంటగంటకీ మారొచ్చు. ఐదుకి మూడున్నర ఇస్తాను. తగ్గిన మార్కులకు కారణం గుర్తింపు సంఖ్యలు. ప్రతి పరికరానికీ ఎప్పటికీ మారని ఎంఆర్ఐడీ ఉండాలి. కొన్ని ఎగుమతి పనిముట్లు ప్రతిసారీ కొత్తది పుట్టిస్తాయి, అప్పుడు మనం ఐసీసీపీ పాయింట్లను ఆ పరికరాలకు తగిలించిన పని అంతా వృథా. కొనేముందు ఒకే మోడల్‌ను రెండుసార్లు ఎగుమతి చేయించి గుర్తింపులు పోల్చండి. సరిహద్దు పాయింటు పేరు రెండు వైపులా ఒకటే కాకపోతే టై లైను గాల్లో వేలాడుతుంది, ఆ దోషం మోడళ్లు కలిపేటప్పుడే బయటపడుతుంది.

మోడల్ ఎంత లోతుగా ఉండాలన్నది అంతకంటే ముఖ్యం. 2011 సెప్టెంబరు 8న హసయాంపా–నార్త్ గిలా 500 కేవీ లైను ట్రిప్ అయిన 11 నిమిషాల్లో దక్షిణ కాలిఫోర్నియా, అరిజోనా, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ప్రాంతాల్లో సుమారు 27 లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది. ప్రవాహం మళ్లిన దారిలో 92 కేవీ నెట్‌వర్క్ ఉంది. 100 కేవీ కంటే తక్కువ కదా అని చాలామంది మోడళ్లలో దాన్ని సరిగా పెట్టలేదు. పెద్ద లైన్లకు సమాంతరంగా నడిచే ఏ నెట్‌వర్క్‌నైనా వోల్టేజీ చూసి వదిలేయకూడదు.

మూడోది కోణాలు. రెండు చివర్ల మధ్య ఫేజ్ కోణం తేడా తెలియకుండా తెగిన లైనును మళ్లీ మూయలేం. సెకనుకు పదిసార్లు ఊగే ప్రవాహం మాట అటుంచి, రెండు సెకన్లకోసారి ఊగే ప్రవాహం కూడా నాలుగు సెకన్ల కొలతల్లో నిజరూపంలో కనబడదు. దీనికి సింక్రోఫేజర్ స్ట్రీమే (ఒకే గడియారానికి కలిపి సెకనుకు చాలాసార్లు పంపే కోణాల కొలతలే) కావాలి. ఐఈఈఈ సీ37.118 ఫార్మాట్‌లో పది ఫేజర్లను ఫ్లోటింగ్ పాయింట్‌లో పంపితే ఒక్కో ఫ్రేమ్ 106 బైట్లు. యూడీపీ, ఐపీ హెడర్లతో 134. సెకనుకు 50 ఫ్రేములైతే సుమారు 54 కిలోబిట్లు. లైను సామర్థ్యం సమస్యే కాదు. గడియారమే సమస్య. 50 హెర్ట్జ్ దగ్గర 56 మైక్రోసెకన్ల తప్పు ఒక డిగ్రీ తప్పుతో సమానం. జీపీఎస్ యాంటెన్నా తడిసో, వైరు తెగో సంకేతం పోతే కోణం నెమ్మదిగా పక్కకు జరుగుతుంది, చూసేవాళ్లకు అది గ్రిడ్ ఒత్తిడిలా అనిపిస్తుంది. ఫ్రేమ్‌లోని స్టాట్ పదంలో సమయం కుదరలేదన్న బిట్ ఉంటుంది. దాన్ని చదవని డిస్‌ప్లే ఎంత అందంగా ఉన్నా కొనొద్దు. పీడీసీలో (ఈ ఫ్రేములను పోగుచేసి సమయం ప్రకారం అమర్చేదానిలో) వేచి ఉండే సమయం కూడా చూడండి. తక్కువ పెడితే దూరం నుంచి వచ్చే ఫ్రేములు రాలిపోతాయి, ఎక్కువ పెడితే అందరికీ ఆలస్యం.

భద్రత విషయంలో మామూలు ఐసీసీపీకి మార్కులే లేవు. బైలేటరల్ టేబుల్ ఏది చూడొచ్చో చెబుతుంది, మాట్లాడుతున్నది ఎవరో నిరూపించదు. ఐఈసీ 62351 ప్రకారం టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణ పద్ధతితో నడిపితే ఆ లోటు తీరుతుంది, దానికి పోర్టు 3782. అప్పుడు కొత్తగా వచ్చే చిక్కు సర్టిఫికెట్ల గడువు. గడువు తీరిన క్షణానే లింకు పడిపోదు, తర్వాత ఎప్పుడో కనెక్షన్ మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు పడిపోతుంది. అది చాలాసార్లు సర్వర్ మార్పిడి సమయమే, అంటే అప్పటికే ఏదో ఇబ్బంది ఉన్న సమయం. రెండు వైపుల గడువు తేదీలనూ ఆపరేటర్ అలారం జాబితాలోకి తెచ్చి, అరవై రోజుల ముందే మోగేలా పెట్టుకోండి. ఐదో బ్లాకు, అంటే అవతలి పరికరాన్ని ఆపరేట్ చేసే వీలు, ఒప్పందంలో లేకపోతే టేబుల్‌లో దాచడంతో ఊరుకోకుండా సర్వర్ అమరికల్లోనే ఆపేయండి.

అప్పగింత పరీక్షలో సర్వర్ మార్పిడిని రెండు రకాలుగా చేయించాలి. ఒకటి క్రమపద్ధతిలో, రెండోది ప్రధాన సర్వర్ నెట్‌వర్క్ వైరు లాగేసి. మొదటిది దాదాపు ఎప్పుడూ పాసవుతుంది. రెండోదాంట్లో అవతలి సర్వర్ పాత అసోసియేషన్ ఇంకా బతికే ఉందనుకుని కొత్తదాన్ని తిరస్కరించడం తరచూ కనబడే దోషం. కొత్త అసోసియేషన్ కుదిరాక డేటా సెట్లన్నీ మళ్లీ సృష్టించాలి. ఆ వరదలో టై లైన్ సెట్ ముందు రావాలి, అందుకని దాన్ని వరుసలో మొదట పెట్టండి. అదే పరీక్ష బ్యాకప్ కంట్రోల్ సెంటర్ నుంచి కూడా చేయాలి. బ్యాకప్ చిరునామాలు అవతలివాళ్ల ఫైర్‌వాల్‌లో లేవన్న సంగతి అవసరం పడిన రోజున తెలియడం కంటే ఇప్పుడే తెలియడం నయం.

లింకు ఎంత బాగున్నా డైరెక్ట్ ఫోన్ లైను తీసేయొద్దు. 2003లో స్టార్–సౌత్ క్యాంటన్ అనే 345 కేవీ టై లైను ట్రిప్ అయి వెంటనే మళ్లీ మూసుకున్నప్పుడు, అలారాలు ఆగిపోయిన కంట్రోల్ రూముకు ఆ సంగతి తెలిసింది పక్క సంస్థ ఫోన్ చేస్తేనే. అయినా అక్కడివాళ్లు ఆ మాట పట్టించుకోలేదు. కారణం, తమ తెర మీద ఏ అలారమూ లేకపోవడం. అందుకే ఫోనులో చెప్పిన సంగతికీ తెరకూ పొంతన లేనప్పుడు ఏం చేయాలో రాసి ఉంచాలి: లైను పేరు, కేవీ, రెండు స్టేషన్ల పేర్లు తిరిగి చదివి వినిపించడం, కౌంటర్ పాయింట్ కదులుతోందో లేదో చూడటం, సబ్‌స్టేషన్‌కు నేరుగా ఫోన్ చేసి బ్రేకర్ స్థితి అడగడం. ఈ మూడూ అయ్యేదాకా తెర మీది విలువను అనుమానించదగినదిగానే గుర్తు పెట్టి ఉంచాలి.